కాలాపానీలో కుళాయి నీళ్లు: ఒక పురపాలక చరిత్ర

2023 మార్చిలో పోర్ట్ బ్లెయిర్ పురపాలక మండలి అధ్యక్షురాలిగా తెలుగుదేశం పార్టీ సభ్యురాలు ఎస్. సెల్వి, భారతీయ జనతా పార్టీ మద్దతుతో ఎన్నికయ్యారు. చంద్రబాబునాయుడు, జె.పి. నడ్డా ఇద్దరూ అభినందనలు తెలిపారు. ఆ వార్తను తెలుగునాట చదివినవారిలో అత్యధికులు దానిని 2024 ఎన్నికల పొత్తుకు సూచనగానే చూశారు. సంవత్సరం తిరిగేసరికి ఆ పొత్తు కుదిరింది కూడా. అయితే ఆ పీఠం నుంచి ఒక మనిషి ఏ కాలువ బాగుచేయించగలరు, ఏ వీధికి నీళ్లు తెప్పించగలరు అన్న ప్రశ్న ఎవరికీ తోచలేదు. పార్టీ జెండా కనిపించినంత స్పష్టంగా పట్టణం కనిపించలేదు. దానిని చూడాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

బంగాళాఖాతానికి ఈ ఒడ్డున ఉన్న భీమునిపట్నంలో 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. అంతకు మూడేళ్ల ముందు, 1858లో, 1857 తిరుగుబాటు ఖైదీలతో ఆవలి ఒడ్డున పోర్ట్ బ్లెయిర్ శిక్షా స్థావరం మొదలైంది. ఒకే సముద్రం, ఒకే దశకం, ఒకే ప్రభుత్వం. ఒక ఊరికి పౌరసంస్థ దక్కింది, మరొక ఊరికి సంకెళ్లు దక్కాయి. 1882లో రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం దేశంలోని పట్టణాలలో ఎన్నికైన సభ్యులకు తలుపు తెరిచినప్పుడు అండమాన్‌లో ఆ తలుపే లేదు. మరుసటి ఏడాది అక్కడ వెలసినది చాథం రంపపు మిల్లు. 1896లో మొదలై 1906లో పూర్తయినది సెల్యులార్ జైలు. రంప తిరుగుబాటులో పట్టుబడిన మన మన్యం బిడ్డలు ఆ ఊరిని చూసినది ఖైదీలుగానే.

ఆ కాలంలో పౌర సదుపాయాలు బొత్తిగా లేవని కాదు. రహదారులు వేశారు, రేవులు కట్టారు, నీటి గుంటలు తవ్వారు. ఆ పని చేసిన చేతులు ఖైదీలవి, చేయించిన నోరు అధికారిది. తన ఇంటి ముందు కాలువ ఎటు పారాలో చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు. శిక్ష ముగించుకొని అక్కడే స్థిరపడినవారికీ, వారి సంతానానికీ కూడా లేదు. నేడు గాంధీ పార్కుగా పిలిచే చోట ఉన్న దిల్తామన్ చెరువు ఒకప్పుడు పట్టణానికి తాగునీటి ఆధారం. దానిని కాపాడటమైనా, పంచటమైనా పాలనాధికారి దయమీద నడిచిన వ్యవహారమే. 1942 నుంచి 1945 వరకు సాగిన జపాన్ ఆక్రమణ ఆ పద్ధతిని మరింత క్రూరం చేసిందే తప్ప మార్చలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్లకు, 1957లో, పోర్ట్ బ్లెయిర్‌కు పురపాలక బోర్డు వచ్చింది. భీమిలికీ దానికీ మధ్య 96 సంవత్సరాల దూరం. ద్వీపవాసులు తమ లోక్‌సభ సభ్యుణ్ణి ఓటు వేసి ఎన్నుకున్నది ఇంకా పదేళ్ల తరువాత, 1967లో. అంతవరకు ఆ స్థానానికి రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. 74వ రాజ్యాంగ సవరణ దరిమిలా వచ్చిన 1994 నిబంధనావళితో నేటి మండలి రూపుదిద్దుకుంది. అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు. ముఖ్యమంత్రి లేరు. కేంద్రం నియమించిన లెఫ్టినెంట్ గవర్నర్ పాలిస్తారు. మనకు వార్డు సభ్యుడి పైన శాసనసభ్యుడు, ఆయన పైన మంత్రి, ఇలా మొర పెట్టుకోవడానికి మెట్లు ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్ పౌరుడికి వార్డు సభ్యుడి తరువాత ఎన్నికైన మనిషి ఎవరని అడిగితే, పార్లమెంటు సభ్యుడొక్కరే. ఆ మధ్యనున్నదంతా అధికార యంత్రాంగమే.

అందుకే అక్కడి కౌన్సిలర్ చేసిన పని విలువ ఎక్కువ. అదే కారణంగా ఆ కౌన్సిలర్ చేతిలోని అధికారం తక్కువ. నీటి సంగతే చూడండి. ఏటా దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే ద్వీపంలో, వేసవి వస్తే కుళాయి రోజు విడిచి రోజు కూడా రాని కాలాలున్నాయి. కొండవాలు నేల వాననీటిని పట్టి ఉంచుకోదు. పట్టణం ప్రధానంగా ఆధారపడేది ధనికారి జలాశయం మీద. జలాశయం నుంచి నీరు తెచ్చేది అండమాన్ ప్రజాపనుల శాఖ, ఇంటింటికీ పంచేది పురపాలక మండలి. శాఖ మండలికి జవాబుదారీ కాదు. బిందె పట్టుకొని నిలబడిన గృహిణి ప్రశ్నించేది మాత్రం తన వార్డు సభ్యుణ్ణే. రాజ్యాంగం 12వ షెడ్యూలు 18 అంశాలను పురపాలక సంస్థల పరిధిలో పేర్కొంది. పేర్కొనడం వేరు, అప్పగించడం వేరు.

2004 డిసెంబరు 26 భూకంపం, సునామీ ఈ అంతరాన్ని మరింత తేటతెల్లం చేశాయి. ఆ రోజు పోర్ట్ బ్లెయిర్ పరిసరాలలో నేల దాదాపు ఒక మీటరు మేర కుంగింది. సిప్పీఘాట్ వంటి చోట్ల పంటపొలాలు పోటునీటి కింద ఉండిపోయాయి. నేల మట్టమే మారిన చోట మురుగు కాలువ వాలు గురించి వార్డు స్థాయిలో చేయగలిగేది చాలా స్వల్పం. 2016లో వరంగల్‌తో పాటు పోర్ట్ బ్లెయిర్ కూడా స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది. ఆ పథకం నడిపినది ప్రత్యేక సంస్థ, ఎన్నికైన మండలి కాదు. శిలాఫలకం మీద చెక్కిన పేరు ఒకరిది, నిర్ణయం మరొకరిది.

మరి ఒక కౌన్సిలర్ పనిని చరిత్రకారుడు ఎలా కొలవాలి? ఎన్నికల కరపత్రంలోని జాబితా చాలదు. అందులో ప్రతి వీధి దీపమూ నాయకుడి దయగానే కనిపిస్తుంది. పన్ను కట్టినవారి ఊసుండదు. అధికారుల నివేదిక కూడా చాలదు, అందులో కౌన్సిలరే కనిపించరు. చూడవలసినది సమావేశాల మినిట్స్ పుస్తకం. ఎవరు ఏ ప్రశ్న వేశారు, ఎన్నిసార్లు వేశారు, ఏ పని ఎన్ని సమావేశాల పాటు వాయిదాపడింది, పూర్తయ్యాక మరమ్మతుకు డబ్బు కేటాయించారా లేదా అన్నవి అక్కడ దొరుకుతాయి. కాలువ కట్టించడం ఒక రోజు వార్త, పదేళ్లు పూడిక తీయించడం పాలన. మొదటిదానికి ఫోటో ఉంటుంది, రెండవదానికి సాక్షి ఉండడు.

2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా ఉన్నారు. ఓడరేవు కూలీలుగా, మత్స్యకారులుగా ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు వారిలో ఎన్నో. వారి ఓటు బలం వల్లనే ఒక తెలుగు ప్రాంతీయ పార్టీ 2022 పురపాలక ఎన్నికలలో 24 వార్డులకు గాను రెండు గెలుచుకొని, ఎవరికీ ఆధిక్యం రాని సభలో ముల్లు ఎటు మొగ్గాలో తేల్చే స్థితికి చేరింది. అది రాజకీయ చమత్కారం మాత్రమే అనుకుంటే మనం చూసింది సగమే. ఖైదీలుగా అడుగుపెట్టినవారి భాష మాట్లాడేవారు అదే ఊరిలో నీటి పంపకం గురించి ఓటు వేసే స్థితికి చేరడం అంతకన్నా పెద్ద మార్పు.

2024 సెప్టెంబరులో ఆ పట్టణం పేరు శ్రీ విజయపురంగా మారింది. పేరు మార్చింది ఢిల్లీ. మార్చే ముందు మండలిలో ఓటు తీసుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఊరి పేరు మీద కూడా మాట చెల్లని సభ్యులు ఊరి కుళాయికి మాత్రం బాధ్యులు. వారి పనిని తూకం వేసేటప్పుడు, వారికి అప్పగించని అధికారాన్ని కూడా తక్కెడలో పెట్టాలి. లేకుంటే తప్పొప్పుల లెక్కంతా కింది మెట్టు మీదనే పడుతుంది, పైమెట్ల మీద ఉన్నవారు ఎన్నడూ లెక్కలోకి రారు.