ఆసనమూ వాద్యాంగమే: పెడల్ స్టీల్ గిటారు, లెగ్ హార్మోనియంల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వాద్యచరిత్రలు తీగలను, మెట్లను, కొయ్యను, తయారీదారులను వివరిస్తాయి. వాయించేవాడు దేనిమీద కూర్చున్నాడన్న విషయాన్ని సాధారణంగా విడిచిపెడతాయి. రెండు చేతులతో పాటు రెండు కాళ్ళనూ పనిలో పెట్టే వాద్యాల విషయంలో ఈ ఉపేక్ష సరికాదు. అమెరికాలో రూపుదిద్దుకొన్న పెడల్ స్టీల్ గిటారును, తెలుగు పద్యనాటక రంగంలో నిలదొక్కుకొన్న లెగ్ హార్మోనియాన్ని పక్కపక్కన ఉంచి, ఆసనం వాద్యస్వరూపంలో భాగమైన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆసనం, పెడల్ స్టీల్ గిటారు, హవాయి గిటారు, లెగ్ హార్మోనియం, పద్యనాటకం, నాచారం, మేడిపల్లి.

1. ప్రవేశిక

‘కచేరి’ అన్న మాటకు తెలుగులో రెండర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి సర్కారు కార్యాలయం, రెండోది సంగీత సభ. మొదటి కచేరిలో కుర్చీ అధికారానికి గుర్తు. రెండో కచేరిలో కుర్చీకి తావు లేదు. విద్వాంసుడు తివాచీ మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంటాడు. వీణ బుర్ర ఎడమ తొడమీద ఆనాలన్నా, మృదంగం ఒడి ముందు అడ్డంగా నిలవాలన్నా, వయొలిన్ తల పాదం మీద ఆనాలన్నా నేలమీద కూర్చున్న దేహమే ఆధారం. యూరప్‌లో నిలబడి వాయించే వయొలిన్ దక్షిణాదికి వచ్చి నేలమీద కూర్చోవడం చాలామందికి తెలిసిన ఉదాహరణ. ఇక్కడ దేహానికి తగినట్టు వాద్యమే వంగింది.

అన్ని వాద్యాలూ అలా వంగలేదు. కొన్నింటికి కాళ్ళు కావాలి. కాళ్ళు స్వరం పలికించే పనిలోనో గాలి నింపే పనిలోనో ఉన్నప్పుడు బాసింపట్టు అసాధ్యమవుతుంది, ఆసనం అనివార్యమవుతుంది. ఆ ఆసనం ఎలా ఉండాలన్నది అలంకారానికి సంబంధించిన ప్రశ్న కాదు. వాద్యం పలుకుతుందా, వాయించేవాడి నడుము నిలుస్తుందా అన్నవి రెండూ దానిమీదే ఆధారపడి ఉంటాయి.

2. ఒడిలోంచి కాళ్ళమీదికి

హవాయి దీవుల్లోని ఓహూకు చెందిన జోసెఫ్ కెకుకు 1889 ప్రాంతంలో, విద్యార్థి దశలోనే, గిటారును ఒడిలో వెల్లకిలా పరచి తీగలమీద ఉక్కుకడ్డీ జార్చే పద్ధతిని అభివృద్ధి చేశాడని ప్రతీతి. అతడు 1904లో హవాయి విడిచి అమెరికా ప్రధాన భూభాగానికి చేరాడు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ప్రదర్శన తరువాత ఆ నాదం అమెరికా అంతటా మోజుగా మారింది. ఈ దశలో ఆసనం సమస్యే కాదు. చేతులు లేని ఏ కుర్చీ అయినా సరిపోయేది. పాదాలు నేలమీద నిలకడగా ఉండేవి, తొడలే బల్ల.

1930ల తొలినాళ్ళలో విద్యుత్ గిటారు వచ్చింది. నాదాన్ని పెంచే పని విద్యుత్తు తీసుకోవడంతో బోలు పెట్టె అవసరం తీరిపోయింది. ఒకే వాద్యంలో రెండు, మూడు శ్రుతులు కావాలనుకొన్నవారు ఒక్కో శ్రుతికి ఒక్కో తీగల వరుస అమర్చుకొన్నారు. బరువు పెరిగి ఒడి మోయలేని స్థితి వచ్చింది. అప్పుడు వాద్యానికి నాలుగు కాళ్ళు తగిలించారు. వాద్యం ఒడి దిగి బల్ల అయింది. తొడలకు తీరిక చిక్కింది.

ఆ తీరిక ఎక్కువకాలం నిలవలేదు. తీగల వరుసలు పెంచే బదులు, పెడల్ తొక్కి తీగ బిగువును మార్చే ఏర్పాటు 1930ల చివర గిబ్సన్ సంస్థ వారి ఎలక్ట్రాహార్ప్‌లో కనిపిస్తుంది. పాల్ బిగ్స్‌బీ 1948లో స్పీడీ వెస్ట్ కోసం పెడళ్ళున్న గిటారు తయారుచేశాడు. వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ 1954లో విడుదలైనప్పుడు, అందులో బడ్ ఐజక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి ఒక స్వరాన్ని మరో స్వరంలోకి లాగాడు. పెడల్ అంతవరకు శ్రుతి మార్చుకొనే సాధనం. ఆ పాటతో అది గమకసాధనం అయింది. తరువాత మోకాళ్ళతో పక్కలకు, పైకి నెట్టే మీటలు కూడా చేరాయి. పది తీగలు, మూడు నుంచి ఎనిమిది దాకా పెడళ్ళు, నాలుగైదు మోకాలి మీటలు ఉన్న నేటి పెడల్ స్టీల్ గిటారు ఆ క్రమంలో ఏర్పడింది.

3. ఆసనం మీద పడిన భారం

పెడల్ స్టీల్ వాదకుడి దేహాన్ని అవయవాలవారీగా చూస్తే విషయం స్పష్టమవుతుంది. కుడిచేయి తీగలు మీటుతుంది. ఎడమచేయి ఉక్కుకడ్డీని జార్చుతుంది. కుడిపాదం నాదస్థాయిని హెచ్చించి తగ్గించే పెడల్ మీద ఉంటుంది. ఎడమపాదం మిగిలిన పెడళ్ళమీద వాలుతూ లేస్తూ ఉంటుంది. రెండు మోకాళ్ళూ మీటల మధ్య సిద్ధంగా నిలుస్తాయి. నేలను గట్టిగా తొక్కి దేహాన్ని నిలుపుకొనేందుకు అవయవమంటూ మిగలదు. మామూలు కుర్చీలో కూర్చున్న మనిషి తెలియకుండానే తన బరువులో కొంత పాదాలకు పంచుతాడు. ఇక్కడ ఆ పంపకం కుదరదు. మొత్తం బరువు ఆసనానిదే.

దీన్నుంచే ఆసన లక్షణాలన్నీ పుట్టుకొస్తాయి. కుర్చీకి చేతులుంటే మోచేతులకు తగులుతాయి, కనుక అవి పనికిరావు. కింద చక్రాలున్నా, గుండ్రంగా తిరిగేదైనా చిక్కే. మోకాలు మీటను కుడికి నెడితే మీట కదలడానికి బదులు మనిషే ఎడమకు తిరుగుతాడు. ఆఫీసుల్లో ఎంతో సుఖంగా ఉండే తిరుగుడు కుర్చీ ఈ వాద్యం ముందు ఎందుకూ కొరగాదు. మెత్తని పరుపు మొదట హాయిగా ఉన్నా, కాసేపటికి అణగిపోయి ఎత్తు మారుతుంది. ఆసనం ముందు అంచు గరుకుగా ఉంటే తొడ కింది భాగం నొక్కుకొని కాలు తిమ్మిరెక్కుతుంది. పాదానికి స్పర్శ తెలియకపోతే పెడల్ సగం తొక్కడం, పూర్తిగా తొక్కడం అన్న తేడా పోతుంది. ఆ తేడా పోతే అపశ్రుతే.

అన్నింటిలో ముఖ్యం ఎత్తు. ఆసనం ఎత్తయితే తొడలు వాద్యం అడుగున ఒరుసుకొని, అక్కరలేనప్పుడు కూడా మీటలకు తగులుతాయి. పల్లమైతే భుజాలు పైకి లేస్తాయి, ఉక్కుకడ్డీ పట్టిన చేయి మణికట్టు దగ్గర వంగుతుంది. అంగుళం తేడా అయినా గంట గడిచేసరికి నడుము చెబుతుంది. పక్కలకు ఎక్కడ కూర్చోవాలన్నదీ లెక్కే. ఈ గిటారుకు మెట్లు ఉండవు, వాటి స్థానంలో గీతలే ఉంటాయి. పదిహేనో గీతకు ఎదురుగా దేహమధ్యం ఉండేలా కూర్చోవడం వాడుకలో ఉన్న సూత్రం. వీపుకు ఆనుడు ఉండాలా అక్కరలేదా అన్నదానిమీద ఏకాభిప్రాయం లేదు. వాయించేటప్పుడు చాలామంది ముందుకు వంగుతారు కాబట్టి ఆనుడు పాటల నడుమ విరామంలోనే ఉపయోగపడుతుంది.

అమెరికాలో ఈ అవసరాలు ఒక ప్రత్యేక వస్తువుకు జన్మనిచ్చాయి. అది మూత ఉన్న పెట్టె. మూతమీద దళసరి మెత్త. లోపల ఉక్కుకడ్డీలు, తీగలు, కేబుళ్ళు, నాదస్థాయి పెడల్. వాదకుడు ఊరినుంచి ఊరికి పోయేటప్పుడు వాద్యంతో పాటు తన ఎత్తును కూడా పట్టుకుపోతాడు. ఆసనం వాద్యాంగమన్న మాట అలంకారికం కాదనడానికి ఈ పెట్టె నిదర్శనం.

4. భారతదేశంలో నేలకు దిగిన గిటారు

అదే హవాయి గిటారు భారతదేశంలో మరో దారి పట్టింది. 1940లలో టావ్ మో అనే హవాయి వాదకుడు సకుటుంబంగా కలకత్తాలో నివసించి ఆ వాద్యాన్ని ప్రచారం చేశాడు. అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు బ్రిజ్ భూషణ్ కాబ్రా దానిని హిందుస్తానీ రాగవాద్యంగా తీర్చిదిద్దాడు. శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి ఆయన వాయించిన ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ 1967 నాటిది. విశ్వమోహన్ భట్ మోహనవీణకు 1994లో గ్రామీ పురస్కారం దక్కింది. వీరి చేతుల్లో గిటారు మళ్ళీ ఒడికి, ఒడితో పాటు తివాచీ మీదికి చేరింది. అమెరికాలో కాళ్ళెక్కిన వాద్యం ఇక్కడ కాళ్ళు ముడుచుకొంది.

దీనికి సంప్రదాయాభిమానం ఒక్కటే కారణమనుకోరాదు. పెడల్ ముఖ్యంగా సాధించేది స్వరసమూహంలో ఒకటి రెండు తీగలను మాత్రం కదిపి, మిగిలినవాటిని నిశ్చలంగా ఉంచడం. అది పాశ్చాత్య స్వరమేళనానికి అవసరం. రాగసంగీతంలో ఒకే స్వరధార నడుస్తుంది. జారు, కంపితం వంటివన్నీ కడ్డీ పట్టిన చేతికే సాధ్యం. మెట్లులేని పలకమీద కొయ్యముక్క జార్చి వాయించే గోటువాద్యం కర్ణాటక సంగీతంలో ఈ సంగతిని అంతకుముందే నిరూపించింది. పెడల్‌తో పని లేదు కాబట్టి కుర్చీతోనూ పని లేకపోయింది.

5. తెలుగు రంగస్థలం: కుర్చీ ఎక్కిన హార్మోనిస్టు

తెలుగునాట కాళ్ళతో వాయించే వాద్యానికి, దానితోపాటు కుర్చీకి, సంగీతంలో చోటు దొరికింది కచేరిలో కాదు, నాటకంలో. హార్మోనియం 1840లలో పారిస్‌లో పుట్టినప్పుడు కాళ్ళతో గాలి నింపే వాద్యమే. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నెలకొల్పిన ద్వార్కిన్ సంస్థ వెనుకవైపు తిత్తి అమర్చి, దానిని నేలమీద కూర్చొని ఒక చేత్తో ఊదుతూ ఒక చేత్తో వాయించేలా మార్చింది. భజన మందిరాలకు, హరికథలకు, ఇంటి సంగీత పాఠాలకు చేరింది ఆ పెట్టెయే. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని నిషేధించినా ఈ వాడుకకు లోటు రాలేదు.

పద్యనాటకం మాత్రం లెగ్ హార్మోనియాన్ని విడవలేదు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకాల్లో పాటలకు, పద్యాలకు పెద్దపీట వేసిన కాలం, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో సురభి నాటక సమాజం మొదలైన కాలం తెలుగు రంగస్థలానికి గానప్రాధాన్యం తెచ్చాయి. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు ఊరూరికీ చేరాక హార్మోనిస్టు లేనిదే నాటకం లేదన్న పరిస్థితి ఏర్పడింది. కరపత్రాల్లో పాత్రధారుల పేర్లతో పాటు హార్మోనిస్టు పేరూ అచ్చయ్యేది.

లెగ్ హార్మోనియం నిలవడానికి కారణాలు వాద్యనిర్మాణంలోనే ఉన్నాయి. కాళ్ళు గాలి నింపితే రెండు చేతులూ మెట్లమీద ఉంటాయి, నాదం నిండుగా వస్తుంది. మైకులు లేని రోజుల్లో అది చిన్న విషయం కాదు. అంతకంటె ముఖ్యమైనది చూపు. పద్యం చివర నటుడు రాగం తీసే వేళ ఎంతసేపు సాగదీస్తాడో ముందే నిర్ణయమై ఉండదు. హార్మోనిస్టు అతడి ముఖం చూస్తూ వెంబడించాలి. నేలమీద కూర్చుంటే వేదిక అంచు అడ్డు. కుర్చీ ఎత్తు ఆ చూపునిచ్చింది. ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అన్నప్పుడల్లా నటుడి గొంతుతో పాటు హార్మోనిస్టు పిక్కలు కూడా మళ్ళీ మొదటికి రావలసిందే. తెల్లవార్లూ సాగే నాటకంలో నటులు తెరవెనక్కు పోయి సేద తీరుతారు. హార్మోనిస్టుకు ఆ వీలు తక్కువ.

ఇక్కడొక ఆచారవిషయం కూడా ఉంది. పుస్తకానికిగాని వాద్యానికిగాని కాలు తగిలితే కళ్ళకద్దుకొనే సమాజం, పాదాలతో తొక్కితే తప్ప పలకని వాద్యాన్ని తన పౌరాణిక నాటకానికి ప్రధాన వాద్యం చేసుకొంది. హార్మోనిస్టు మొక్కేది పై మెట్లకు. కింది తొక్కుడుపలక ఆ లెక్కలోకి రాలేదు. కుర్చీ ఆ రెండింటినీ వేరు చేసిందనుకోవచ్చు.

రెండు వాద్యాలకూ ఆసన లక్షణాలు చాలావరకు ఒకటే: చేతులు లేని పీఠం, కదలని కాళ్ళు, తొడకు ఒరుసుకోని అంచు. భేదం కాలి పనిలో ఉంది. పెడల్ స్టీల్‌లో పాదం అవసరమైన క్షణంలో స్వరాన్ని మారుస్తుంది. లెగ్ హార్మోనియంలో పాదాలు ఊపిరిలా ఎడతెగక ఆడాలి. అందువల్ల హార్మోనిస్టుకు ఎత్తుకన్నా దూరం కీలకం. కుర్చీ వెనక్కు జరిగితే కాలు చాపి తొక్కవలసి వచ్చి పిక్క పడుతుంది. మరో భేదం మరింత ఆలోచింపజేస్తుంది. లెగ్ హార్మోనియం మడిచి పెట్టెలో ఇమిడిపోతుంది, కాని ఆ పెట్టెలో ఆసనానికి చోటు లేదు. అమెరికా వాదకుడి ఆసనమే పెట్టె. తెలుగు హార్మోనిస్టు పెట్టెతో వచ్చి, ఆడే చోట వేసిన కుర్చీలో కూర్చొనేవాడు. అతడి నడుమునొప్పి నాటకచరిత్రలో ఏ ప్రకరణంలోనూ చేరలేదు.

6. నాచారం, మేడిపల్లి

పద్యనాటక బాణీ హైదరాబాదు తూర్పుభాగానికి కెమెరా ద్వారా వచ్చింది. నందమూరి తారకరామారావు 1976లో నాచారంలో రామకృష్ణా సినీ స్టూడియో నెలకొల్పారు. 1977 జనవరి 14న విడుదలైన ‘దానవీరశూరకర్ణ’ చిత్రీకరణ అక్కడే సాగింది. కొండవీటి వెంకటకవి సంభాషణలకు, పెండ్యాల సంగీతానికి పేరుపొందిన ఆ చిత్రంలో రంగస్థల పద్యం ఉంది, దీర్ఘరాగం ఉంది. నటుడికి ఎదురుగా కుర్చీలో కూర్చొని అతడి ముఖం చూసే హార్మోనిస్టు మాత్రం లేడు. నేపథ్యగానంలో పాట ముందే నిర్ణీతమైన నిడివికి ముద్రితమవుతుంది, నటుడే దానిని వెంబడిస్తాడు. లెగ్ హార్మోనియం చోటులోకి క్రమంగా స్టాండు మీది ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చింది. దాని కింద తొక్కే పెడల్ ఉంటుంది కాని, పాదం ఆగితే వాద్యం ఆగదు.

నాచారం నుంచి ఉప్పల్ మీదుగా వరంగల్ రహదారిలో వచ్చే మేడిపల్లిలో ఇవాళ ఎవరైనా పెడల్ స్టీల్ గిటారు తెప్పించుకొంటే, దానికి తగిన పెట్టె ఆసనం పక్క దుకాణంలో దొరికే వస్తువు కాదు. దొరికేవాటిలో ప్లాస్టిక్ కుర్చీకి చేతులు అడ్డం, ఆఫీసు కుర్చీకి చక్రాలు అడ్డం. డ్రమ్ము వాయించేవారి గుండ్రని స్టూలు మర సాయంతో ఎత్తు మార్చుకొనేందుకు వీలైనది. దాని పీఠం తిరగకుండా బిగించగలిగితే తాత్కాలికంగా చాలు. భోజనపు బల్ల దగ్గరి చేతుల్లేని కుర్చీ దానికన్నా నిలకడైనది. వడ్రంగితో టేకు పీట చేయించడం అన్నిటికన్నా మేలైన పని, అయితే కొలత ఇచ్చే ముందు వాద్యాన్ని నాలుగు కాళ్ళమీద నిలబెట్టి చూసుకోవాలి. అమెరికాలో సాధారణంగా బూట్లతో తొక్కే పెడల్‌ను తెలుగు ఇళ్ళలో వట్టి పాదంతో తొక్కవలసి వస్తుంది. మడమ ఆ మేరకు దిగుతుంది, మోకాలూ దిగుతుంది, మీట దూరమవుతుంది. చెప్పులు వేసుకొని వాయించేదీ విప్పి వాయించేదీ ముందుగా తేల్చుకొని, ఆ తరువాతే వడ్రంగికి అంగుళాలు చెప్పాలి.