బొగ్గుల గ్రిల్లు: ఇంటి దగ్గర అగ్ని భద్రత

బొగ్గుల గ్రిల్లు అంటే కట్టెబొగ్గు నిప్పుల మీద ఇనుప జాలీ పెట్టి మాంసం, చేపలు, పనీరు, మొక్కజొన్న కంకులు కాల్చుకునే పొయ్యి. దీన్ని ఆరుబయట వాడతారు. అయితే ఆ ఆరుబయలు చాలాసార్లు ఇంటి గోడను ఆనుకునే ఉంటుంది. అమెరికాలో గ్రిల్లుల వల్ల ఇళ్ల దగ్గర ఏటా సగటున పది వేలకు పైగా అగ్ని ప్రమాదాలు జరుగుతున్నట్టు అక్కడి జాతీయ అగ్ని రక్షణ సంఘం లెక్కలు చెబుతున్నాయి. జులైలో ఇవి మరీ ఎక్కువ. వీటిలో అధిక భాగం గ్యాస్ గ్రిల్లులవే. అయినా బొగ్గుతో వేరే చిక్కు ఉంది. గ్యాస్ గ్రిల్లుకు మీట తిప్పితే మంట ఆరిపోతుంది. బొగ్గుకు అలాంటి మీట లేదు. భోజనాలు ముగిసి అందరూ నిద్రపోయాక కూడా నిప్పు బతికే ఉంటుంది. ఈ పొయ్యి విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తల్లో సగం ఈ కారణం వల్లనే పుట్టాయి.

నిప్పు తీరు

కట్టెను గాలి సరిగా తగలకుండా కాలిస్తే అందులోని తడి, మండే ఆవిర్లు చాలావరకు పోయి బొగ్గు మిగులుతుంది. మంటకు ఆధారమైన ఆవిర్లు పోయాయి కాబట్టి బొగ్గు పెద్దగా మంట లేకుండా పైపొర నుంచి ఎర్రగా కణకణలాడుతూ కాలుతుంది. పొగ తక్కువ, వేడి ఎక్కువ. గాలి బాగా తగిలే బొగ్గులు 600 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఎండిన కలప సుమారు 250 నుంచి 300 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. మంట కనిపించకపోవడంతో చూసేవాళ్లకు భయం తగ్గుతుంది. నిజానికి బొగ్గుల వేడిలో పెద్ద భాగం సెగ రూపంలో నేరుగా చుట్టుపక్కల వస్తువుల మీదికి ప్రసరిస్తుంది.

ఇప్పుడు అందరికీ తెలిసిన గుండ్రటి మూత గ్రిల్లును 1952లో షికాగోలోని వెబర్ బ్రదర్స్ లోహ కర్మాగారంలో పనిచేసే జార్జ్ స్టీఫెన్ రూపొందించాడు. గాలికి ఆహారం మీద బూడిద పడకుండా, వంట అదుపులో ఉండేలా చేసిన ఆ మూత భద్రతకూ పనికొచ్చింది. మూత వేసి, పైనా కిందా ఉండే గాలి కంతలు మూసేస్తే ప్రాణవాయువు అందక నిప్పు మెల్లగా చల్లారుతుంది. మూత లేని గ్రిల్లు చవకగా దొరకవచ్చు, కానీ ఇంటి దగ్గర వాడుకోవడానికి మూత ఉన్నదే కొనడం మంచిది.

దూరం

అమెరికాలో చాలా రాష్ట్రాలు, నగరాలు అనుసరించే అంతర్జాతీయ అగ్ని నియమావళి ప్రకారం, మండే సామగ్రితో కట్టిన బాల్కనీల మీద గానీ, అలాంటి కట్టడానికి 10 అడుగుల లోపు గానీ బొగ్గుల గ్రిల్లు వెలిగించకూడదు. ఒకటి రెండు కుటుంబాలుండే విడి ఇళ్లకు, స్ప్రింక్లర్ల రక్షణ ఉన్న భవనాలకు ఇందులో మినహాయింపు ఉంది. విడి ఇళ్లవాళ్లు చాలామంది ఈ మినహాయింపు చూసుకుని ధైర్యపడతారు. చట్టం అడగనంత మాత్రాన చెక్క కాలకుండా ఆగదు. విడి ఇంటికీ 10 అడుగులే సరైన కొలత. చూరు, పందిరి, చెట్టు కొమ్మ, గొడుగు, ఏదీ గ్రిల్లు నెత్తిన ఉండకూడదు.

న్యూజెర్సీలోనూ నార్త్ కరొలైనాలోనూ తెలుగు కుటుంబాలు ఉండే శివారు ఇళ్లలో ఎన్నో చెక్క చట్రం మీద వినైల్ పలకలు తొడిగి కట్టినవి. వెనకవైపు చెక్క డెక్ ఉంటుంది. వంటగది తలుపు అక్కడికే తెరుచుకుంటుంది కాబట్టి గ్రిల్లూ అక్కడికే చేరుతుంది. వినైల్ సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడి వంకర్లు పోవడం మొదలవుతుంది. అది త్వరగా అంటుకునే పదార్థం కాదు. కానీ సెగకు ఊడి వేలాడితే దాని వెనకున్న చెక్క బయటపడుతుంది. ఆ చెక్క అంటుకుంటే మంట గోడ వెంట పైకి పాకి, చూరు కింద గాలి కోసం పెట్టిన సందుల గుండా అటకలోకి దూరుతుంది. పొగ పసిగట్టే అలారాలు ఇంటి లోపల ఉంటాయి కాబట్టి బయట మొదలైన ఈ మంట సంగతి వాటికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. గ్రిల్లు వెనక పలక కాస్త వంగినట్టు కనిపిస్తే అది అందం చెడిన సంగతిగా తీసిపారేయకూడదు. అంత సెగ గోడకు చేరిందని దాని అర్థం.

సెగ దూరంతో పాటు వేగంగా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే రెండు అడుగుల దగ్గరున్న గ్రిల్లును ఇంకో రెండడుగులు జరిపినా గోడకు ఎంతో ఊరట. డెక్ మీద తప్పనిసరిగా వాడవలసి వస్తే అడుగున మండని చాప పరుస్తారు. అది జారిపడ్డ నిప్పుకణికను ఆపుతుంది గానీ గోడకు తగిలే సెగను ఆపలేదు. మట్టి నేల గానీ సిమెంటు గచ్చు గానీ ఉన్న చోటే గ్రిల్లుకు సరైన చోటు. గాలి ఇంటివైపు వీచే రోజున వంట మానుకోవడమే మేలు.

హైదరాబాద్, విజయవాడల్లో గ్రిల్లు ఎక్కువగా డాబా మీదికి ఎక్కుతుంది. స్లాబు మండదు కాబట్టి చెక్క డెక్ కన్నా ఇది నయం. అయితే డాబా మీద ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు, కేబుల్ వైర్లు, ఆరేసిన బట్టలు, మొక్కల మీద కట్టిన పచ్చ వల, మూలన పడేసిన పాత పరుపులు ఉంటాయి. నిప్పురవ్వకు అవి చాలు. ఊళ్లలో తాటాకు పాకలకు, గడ్డివాములకు దగ్గర్లో ఎండాకాలం గాలుల్లో బొగ్గులు రాజేయడానికి ఎంత దూరమూ చాలదు.

వెలిగించడం, కాల్చడం

సురక్షితమైన పద్ధతి చిమ్నీ స్టార్టర్. ఇది రేకుతో చేసిన గొట్టం. అడుగున కాగితం ఉండలు, పైన బొగ్గులు వేసి కాగితం అంటిస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో బొగ్గులు రాజుకుంటాయి. నూనె చుక్క అక్కర్లేదు. వెలిగించే ద్రవం వాడితే చల్లని బొగ్గుల మీదే పోయాలి. రాజుకున్న బొగ్గుల మీద పోస్తే ఆ ద్రవం క్షణంలో ఆవిరై భగ్గుమంటుంది, మంట చేతిలోని డబ్బా దాకా ఎగబాకవచ్చు. పెట్రోలు అసలే వద్దు. దాని ఆవిరి సున్నాకు 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా అంటుకోగలదు, గాలి కన్నా బరువు కాబట్టి నేల వెంట పాకుతుంది.

కోడి తోలు, మాంసం కొవ్వు కరిగి నిప్పుల మీద పడితే మంట లేస్తుంది. అప్పుడు మూత వేసి కంతలు మూయాలి. కొవ్వు మంట మీద నీళ్లు పోస్తే అది చిమ్ముతుంది. పాత జిడ్డు పేరుకున్న జాలీ, అడుగు పళ్లెం కడగకుండా వదిలేయడం గ్రిల్లు ప్రమాదాలకు ముఖ్య కారణాల్లో ఒకటి. పిల్లలను కనీసం మూడు అడుగుల దూరంలో ఉంచాలి. పొడుగు చేతులు, జారే చున్నీ లేకుండా చూసుకోవాలి. కాలితే గాయాన్ని పారే చల్లని నీటి కింద 20 నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్ట్, సిరా, పసుపు రాయకూడదు.

బూడిద

బూడిద వేడిని బయటికి పోనివ్వదు. పైన తెల్లగా, చేతికి చల్లగా అనిపించే కుప్ప లోపల నివురు గప్పిన నిప్పు ఒక రోజంతా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉండగలదు. బొగ్గు కంపెనీలు మూత, కంతలు మూసి 48 గంటలు వదిలేయమని సలహా ఇస్తాయి. ఎంతోమంది ఇక్కడే తొందరపడతారు. విందు అయిన మర్నాడు పొద్దున్నే గ్రిల్లు శుభ్రం చేసి, బూడిదను కాగితం సంచిలో పోసి, గరాజులోని ప్లాస్టిక్ చెత్తడబ్బాలో పడేస్తారు. కణిక ఒకటి సంచిని కాల్చుకుని, డబ్బాను కరిగించి, పక్కనున్న అట్టపెట్టెలకు చేరుతుంది. ఆ గరాజు గోడకు అవతల ఇల్లే ఉంటుంది.

బూడిదను బిగుతైన మూత ఉన్న ఇనుప బకెట్‌లో పోసి, ఇంటికి 10 అడుగుల దూరంలో గచ్చు మీద పెట్టాలి. డెక్ మీద పెడితే వేడి బకెట్ అడుగు నుంచి చెక్కకు దిగుతుంది. త్వరగా ఆర్పాలంటే బకెట్‌లోని బూడిద మీద కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ, పొడుగు పిడి గరిటెతో కలుపుతూ, ఆవిరి ఆగే వరకు చూడాలి. వేడి గ్రిల్లులోనే కుమ్మరిస్తే ఆవిరి ముఖానికి తగులుతుంది, పింగాణీ పూత పగులుతుంది. ఎండుటాకుల గుట్ట, కంపోస్టు గొయ్యి, పూలమొక్కల కింద పరిచిన చెక్కపొట్టు బూడిదకు తగిన చోట్లు కావు.

విషవాయువు

వాన వచ్చిందనో చలిగా ఉందనో గ్రిల్లును గరాజులోకి, గదిలోకి తెస్తే అగ్ని కన్నా ముందు కార్బన్ మోనాక్సైడ్ చంపుతుంది. దీనికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌తో కన్నా దీనితో 200 రెట్లకు పైగా గట్టి పట్టు. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, తూలడం మొదటి గుర్తులు. నిద్రలో ఉన్నవాళ్లకు అవీ తెలియవు. గరాజు తలుపు తెరిచి పెట్టినా చాలదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపానుకు కరెంటు పోయినప్పుడు ఇళ్లలో గ్రిల్లులు, జనరేటర్లు, కార్లు వాడి వెయ్యి మందికి పైగా ఈ వాయువు బారిన పడి ఆసుపత్రులకు వెళ్లారు. కొందరు చనిపోయారు. ఉత్తర భారతంలో చలికాలంలో అంగీఠీ (బొగ్గుల కుంపటి) మరణాలకూ, మన్యంలో తలుపులు బిగించి గదిలో కుంపటి పెట్టుకోవడంలో ఉన్న ప్రమాదానికీ కారణం ఇదే వాయువు.

బొగ్గుల నిల్వ

బొగ్గు దానంతట అది వేడెక్కే గుణమున్న సరుకు కాబట్టి రవాణా నియమాలు దాన్ని ప్రమాదకర పదార్థాల జాబితాలో చేర్చాయి. ఇంట్లో ఉంచుకునే చిన్న సంచితో ఆ ముప్పు తక్కువే. అయినా తడిసిన బొగ్గులను మూటగట్టి మూలన పెట్టకుండా, పొడిగా ఉన్నవాటినే మూతున్న లోహపు డబ్బాలో, వెలిగించే ద్రవానికి దూరంగా ఉంచాలి.