ఊడల మర్రి, కదిలొచ్చిన గుడి

హైదరాబాద్ నుంచి ఆలంపూర్ బయల్దేరిన మన ఐటీ జనం జడ్చర్లలో టీ తాగి నేరుగా కర్నూలు రోడ్డు పట్టేస్తారు. మొన్న నేను కుడివైపు తిరిగాను. మహబూబ్‌నగర్ ఊరి చివర పిల్లలమర్రి ఉంది కదా, అది చూద్దామని.

దాని వయసు ఏడువందల ఏళ్ళంటారు. సుమారు మూడెకరాల్లో పరుచుకుంది. ఊడలు దిగి మానులైపోయాయి, అసలు మాను ఏదో చెప్పడం కష్టం. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ లేని డిజైన్!

మేడిపండులో పురుగుల సంగతి మనకు తెలిసిందే. మర్రిదీ అదే కుటుంబం. మనం పండు అనేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. దోమంత కూడా లేని ఒక జాతి కందిరీగ అందులో దూరితేనే విత్తు కడుతుంది. ఆ కందిరీగకీ ఈ చెట్టు తప్ప వేరే దిక్కు లేదు. పండ్ల కోసం చిలకలు, గోరింకలు, రాత్రయితే గబ్బిలాలు. ఆకులు మేకలకీ విస్తళ్ళకీ, లేత ఊడలు పళ్ళు తోముకోడానికి. ఊడలు వేసి కాచిన నూనె రాస్తే జుట్టు పెరుగుతుందని అమ్మమ్మలు చెప్పేవారు (నాకైతే పెరగలేదు).

ఇంత చెట్టునీ మనం దాదాపు చంపేశాం. కొమ్మలెక్కి ఊగాం, మాను మీద పేర్లు చెక్కాం. తొక్కీ తొక్కీ గట్టిపడ్డ నేలలోకి ఊడ ఎలా దిగుతుంది? పైగా చెదలు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది, సందర్శకులను ఆపేశారు. రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయింది. దాంతో 2018లో సెలైన్ సీసాల్లో పలచటి క్లోర్‌పైరిఫాస్ నింపి, ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టు చుక్క చుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మల కింద సిమెంటు స్తంభాలు నిలబెట్టారు. అదృష్టం, కోలుకుంది.

అన్నట్టు, ఆ ఆవరణలో రాజరాజేశ్వర ఆలయం ఉంది. అది అక్కడిది కాదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునగబోతుంటే రాళ్ళు విప్పి తెచ్చి మళ్ళీ కట్టారు. ఆలంపూర్లో సంగమేశ్వరాలయం కథా అంతే. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో బాదామి చాళుక్యులు కట్టిన గుడి అది. రాయి రాయికీ నంబరేసి గుడిని తరలించవచ్చు. అదే నీళ్ళలో పోయిన ఊళ్ళ మర్రులకీ చింతలకీ ఎవరు నంబరేస్తారు? వాటి లెక్క ఎక్కడా రాసినట్టు నాకు కనబడలేదు.

గుడికీ మర్రికీ పాత పగ కూడా ఉందండోయ్. పిట్ట రెట్టలో వచ్చిన విత్తనం రాళ్ళ సందులో మొలిస్తే, ఆ వేరు గోడనే చీల్చేస్తుంది. ఆలంపూర్లో బండి ఆపిన చోట ఒక పాత గోడ పగుల్లో మూడాకుల మర్రి మొలక కనిపించింది. పీకేద్దామా వద్దా అని కాసేపు నిలబడి, చివరికి చెయ్యేశాను. రాలేదు.