పోర్షె 911 టైర్ల కొలతలు: 165 నుంచి 305 దాకా

కారు టైరు పక్కగోడ మీద 205/55 ఆర్ 16 వంటి అంకెలు ఉంటాయి. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. నడుమనున్న ఆర్ అనే అక్షరం రేడియల్‌కు గుర్తు. దాని పక్కనో, కొలత చివరనో మరో అక్షరం వేగ పరిమితిని తెలుపుతుంది. స్పోర్ట్స్ కారు విషయంలో ఈ అంకెల్లో ఒక్కటీ అలంకారం కోసం పుట్టలేదు. ప్రతి మార్పు వెనుకా వేగమో, బరువో, మలుపులో పట్టు తప్పడమో కారణంగా ఉంది. 1964లో మొదలై నేటికీ తయారవుతున్న జర్మన్ కారు పోర్షె 911 చరిత్రలో ఈ పరిణామమంతా వరుసగా కనిపిస్తుంది.

బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందింది 1888లో. ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు టైర్లు చాలావరకు క్రాస్‌ప్లై పద్ధతిలోనే నడిచాయి. వాటిలో దారపు పొరలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తూ సాగుతాయి. పక్కగోడ వంగినప్పుడల్లా నేలను తాకే భాగమైన ట్రెడ్డు కూడా మెలిపడుతుంది, టైరు వేడెక్కుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన మిషెలిన్ సంస్థ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు పొంది, 1949లో దాన్ని ‘ఎక్స్’ పేరుతో అమ్మకానికి తెచ్చింది. ఇందులో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు తిన్నగా సాగుతాయి. ట్రెడ్డు కింద ఉక్కు తీగల పట్టీ బిగుతుగా చుట్టి ఉంటుంది. పక్కగోడ ఎంత వంగినా ట్రెడ్డు నేలను వదలదు. ఇటలీలో పిరెల్లీ సంస్థ కూడా 1950లలో ‘చింతురాతో’ పేరుతో తన రేడియల్‌ను తెచ్చింది. వేగంగా నడిచే కార్లకు దారి తెరిచింది ఈ మార్పే.

1964 నాటి తొలి 911 శక్తి 130 హార్స్‌పవర్, గరిష్ఠ వేగం గంటకు 210 కిలోమీటర్లు. దానికి వేసిన టైరు 165 హెచ్‌ఆర్ 15. హెచ్ అంటే 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని అర్థం. అంటే కారు వేగమూ టైరు హద్దూ సరిగ్గా ఒకటే. శాతం అంకె లేని అప్పటి రేడియల్ టైరుకు పక్కగోడ ఎత్తు వెడల్పులో 80 శాతానికి కాస్త పైగా ఉండేది. అందువల్ల ఆ టైరు మొత్తం వ్యాసం సుమారు 650 మిల్లీమీటర్లు. 1966లో వచ్చిన 911 ఎస్ ఆ వేగాన్ని దాటడంతో దానికి 210కి పైబడిన వేగాలకు ఉద్దేశించిన వీఆర్ టైరు అవసరమైంది.

వేగంకన్నా పెద్ద చిక్కు బరువుతో వచ్చింది. 911 ఇంజను వెనుక ఇరుసుకు కూడా వెనకాల ఉంటుంది. మలుపు మధ్యలో డ్రైవరు ఉన్నట్టుండి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే భారం ముందుకు జరిగి, వెనుక చక్రాల పట్టు సడలి, తోక పక్కకు తిరిగేది. దాన్ని అదుపు చేయడానికి మొదట్లో ముందు బంపరు మూలల్లో ఇనుప దిమ్మలు బిగించారు. 1969 మోడల్‌కు వెనుక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. అయినా ఇంజను శక్తి పెరిగేకొద్దీ వెనుక టైరుకు మరింత పట్టు కావాల్సి వచ్చింది.

ఆ అవసరానికి జవాబుగా వచ్చింది 1973 మోడల్ కరేరా ఆర్‌ఎస్ 2.7. ముందు చక్రాలకు ఒక కొలత, వెనుక చక్రాలకు మరో కొలత టైర్లతో అమ్మిన తొలి 911 ఇదే. ముందు 6 అంగుళాల వెడల్పు రిమ్ముపై 185/70 వీఆర్ 15, వెనుక 7 అంగుళాల రిమ్ముపై 215/60 వీఆర్ 15 వేశారు. లెక్క వేసి చూస్తే ఇంజనీర్ల ఉద్దేశం తెలుస్తుంది. 185లో 70 శాతం 129.5. పైనా కిందా కలిపితే 259, దానికి 15 అంగుళాల రిమ్ము 381 మిల్లీమీటర్లు కలిస్తే 640. 215లో 60 శాతం 129. అదే లెక్కన వెనుక టైరు 639. వెనుక వెడల్పు 30 మిల్లీమీటర్లు పెరిగినా ఎత్తు ఒక్క మిల్లీమీటరే తగ్గింది. వెడల్పు పెరిగితే శాతం తగ్గాలన్న సూత్రం ఇక్కడ స్పష్టంగా ఉంది. ఎత్తు మారితే గేర్ల లెక్క మారుతుంది, స్పీడోమీటరు తప్పు చూపుతుంది. వెనుక చక్రం మీది బాడీ అంచులను కూడా ఈ టైర్ల కోసమే వెడల్పు చేశారు.

మరో అడుగు పిరెల్లీ పీ7తో పడింది. 1970ల మధ్యలో లాన్సియా స్ట్రాటోస్ ర్యాలీ కారు కోసం రూపొందిన ఈ టైరు పక్కగోడ వెడల్పులో 50 శాతమే. వేగానికి ట్రెడ్డు ఉబ్బకుండా ఉక్కు పట్టీల మీద నైలాన్ పొర చుట్టారు. ఆ బాటలోనే 1978 మోడల్ 911 టర్బో 3.3కు ముందు 205/55, వెనుక 225/50 కొలతల్లో 16 అంగుళాల టైర్లు వచ్చాయి. వీటి వ్యాసాలు రెండూ దాదాపు 632 మిల్లీమీటర్లే. అదే ఏడాది వచ్చిన లంబోర్గీని కౌంటాష్ ఎల్‌పీ400 ఎస్ వెనుక 345/35 టైరు ధరించింది. పక్కగోడ తగ్గితే స్టీరింగు చెప్పినట్టు వెంటనే తిరుగుతుంది. కానీ గుంతల దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది, వెడల్పాటి టైరు వాన నీటి మీద త్వరగా తేలిపోతుంది.

కొలతల ప్రయోగాలన్నీ నిలవలేదు. 1975లో మిషెలిన్ తెచ్చిన టీఆర్‌ఎక్స్ టైరుకు రిమ్ము వ్యాసం కూడా మిల్లీమీటర్లలోనే ఉండేది. ఫెరారీ, బీఎండబ్ల్యూ, ఫోర్డ్ కొన్ని మోడళ్లకు దాన్ని స్వీకరించాయి. 390 మిల్లీమీటర్ల రిమ్ము మీద 15 అంగుళాల టైరు గానీ 16 అంగుళాల టైరు గానీ కూర్చోదు. ఆ పద్ధతి ఆగిపోయాక ఆ కార్ల యజమానులకు ఖరీదైన టీఆర్‌ఎక్స్ కొనడమో, నాలుగు రిమ్ములూ మార్చడమో తప్ప దారి లేకపోయింది.

1989 మోడల్ కరేరా 4తో 911కు నాలుగు చక్రాల డ్రైవు, ఏబీఎస్ వచ్చాయి. ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో పోల్చి చూస్తూ పనిచేసే వ్యవస్థలివి. ముందూ వెనుకా టైర్ల వ్యాసాల నిష్పత్తి చెడితే, తిన్నగా పోతున్న కారులోనూ చక్రం జారుతోందని అవి పొరబడవచ్చు. తన పరీక్షల్లో నెగ్గిన టైర్ల మీద పోర్షె ‘ఎన్’ గుర్తును అంకెతో సహా వేయిస్తుంది. ఒకే కారుకు వేర్వేరు ఎన్ అంకెల టైర్లు కలపవద్దని సూచిస్తుంది. 2019లో వచ్చిన 992 తరం 911 కరేరా ఎస్‌కు ముందు 245/35 జెడ్‌ఆర్ 20, వెనుక 305/30 జెడ్‌ఆర్ 21 టైర్లు. ఇప్పుడు రిమ్ము వ్యాసాలు కూడా వేరయ్యాయి.

కొలతతో పాటు వయసూ ముఖ్యమే. 2000 నుంచి టైరు మీద నాలుగంకెల్లో తయారీ వారం, సంవత్సరం ఉంటున్నాయి. 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువగా తిరిగే స్పోర్ట్స్ కారులో ట్రెడ్డు అరగకముందే రబ్బరు గట్టిపడుతుంది. 2013 నవంబరులో కాలిఫోర్నియాలో నటుడు పాల్ వాకర్ మరణించిన పోర్షె కరేరా జీటీ ప్రమాదానికి కారణం అతివేగమని దర్యాప్తు అధికారులు తేల్చారు. టైర్లు తొమ్మిదేళ్ల నాటివని, కారు అదుపు మీద వాటి ప్రభావం ఉండి ఉండొచ్చని కూడా వారు పేర్కొన్నారు.

పాత కార్ల కోసం పిరెల్లీ, మిషెలిన్ సంస్థలు నాటి నమూనాలను నేటి రబ్బరుతో మళ్లీ తయారు చేస్తున్నాయి. కాబట్టి కారుతో వచ్చిన కొలతే మొదటి ఎంపిక కావాలి. మార్చక తప్పనప్పుడు మొత్తం వ్యాసం, ముందు వెనుకల నిష్పత్తి చెడకూడదు. రిమ్ము వెడల్పుకు టైరు సరిపోవాలి. బరువు, వేగాల హద్దు తయారీదారు చెప్పినదానికి తగ్గకూడదు. ఇన్ని షరతులకూ నిలవని టైరు చూపుకు ఎంత బాగున్నా ఆ కారుకు పనికిరాదు.