గంజి – మన కడుపుకు, మన పడుగుకు

ఉగాది సంచికలలో వేపపువ్వు పచ్చడిని గురించి, షడ్రుచులను గురించి ఎవరో ఒకరు వ్రాయని సంవత్సరం లేదు. అది ఉచితమే. అయితే ఆ ఆరు రుచులలో లెక్కకు రాకపోయినా మన ఇళ్ళను తరతరాలుగా నిలబెట్టిన పదార్థం మరొకటి ఉన్నది. దాని పేరు గంజి. ఈ మాటను పిల్లల ముందు పలకడానికి నేడు కొందరు మొగమాటపడుతున్నారు. గంజి అంటే లేమి అనే ఒక్క అర్థమే మన మనస్సులలో మిగిలిపోవడం అందుకు కారణం. కాశేలి, కామత్‌ఘర్, పద్మనగర్ ప్రాంతాలలో కాపురముంటున్న మన కుటుంబాలలో మగ్గం మీద బ్రతికినవి ఎన్నో ఉన్నవి. కనుక ఈ మాట వెనుక ఉన్న చరిత్రను ఈ పండుగ సందర్భంగా మనవి చేయదలచినాము.

గంజి మన ఒక్కరి సొత్తు కాదు. తమిళులకు, మలయాళీలకు అది కంజి, కన్నడిగులకు గంజి. సంస్కృత వైద్య గ్రంథాలలో పులిసిన గంజికి కాంజికమని పేరు. పోర్చుగీసువారు పడమటి తీరానికి వచ్చిన పిదప ఈ మాట వారి నోటికి కూడ అలవాటైనది. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా వైద్య గ్రంథంలో దీని ప్రస్తావన ఉన్నది. నేటికీ పోర్చుగల్ దేశంలో కోడిమాంసంతో కాచే బియ్యపు చారును 'కాంజ' అనే పిలుస్తారు. ఇంగ్లీషువారి నోట అది 'కాంజీ' అయినది. వారి పటాలాలలో సిపాయిలను నిర్బంధించే కొట్టును 'కాంజీ హౌస్' అనేవారు; లోపల ఉన్నవారికి గంజే భోజనమని ఆ పేరు. ఒక దేశంలో అతిథికి పెట్టేదే మరొకచోట ఖైదీకి పోసేదైనది.

ఇక మన ఇళ్ళలోని వాడుక చూడండి. అన్నం ఉడికిన తరువాత వార్చిన నీరు గంజి. జ్వరం తగ్గినవానికి మొదట పట్టేది గంజి. దానిని పులియబెడితే కోస్తా వారికి తరవాణి. బియ్యం కడిగిన నీళ్ళతో కలిపి గోలెంలో పోస్తే పశువులకు కుడితి. ఉతికిన పంచెకు పెట్టేదీ గంజే. 'గంజో అంబలో తాగి బ్రతుకుతున్నాము' అనడంలో లేమి ఉన్నది, ఒకరి గడప తొక్కలేదనే అభిమానమూ ఉన్నది. 'అంబలి తాగేవానికి మీసాలు ఎత్తేవాడొకడు' అనే సామెతలో ఎగతాళి ఉన్న మాట నిజమే. కాని ఆ ఎగతాళి అంబలి మీద కాదు, లేని దర్జా మీద!

గంజిని పారబోసిన వారికంటే తాగినవారే తెలివిగలవారని తరువాతి కాలపు శాస్త్రం తేల్చినది. మరపట్టిన పచ్చిబియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి వ్యాపించి ఉండేది. ఉప్పుడుబియ్యం తినే తమిళ ప్రాంతాలలో దాని బాధ అంతగా లేదు. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో అక్రాయిడ్ మొదలైనవారు 1930, 1940 దశకాలలో ఈ విషయాన్ని పరిశీలించినారు. బియ్యాన్ని మరీ తెల్లగా దంపినా, ఎక్కువసార్లు కడిగినా, గంజి వార్చి పారబోసినా నీటిలో కరిగే బి విటమినులు పోతాయి. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందినది.

కడుపు సంగతి ఇది. పడుగు సంగతి మన పెద్దలకు చెప్పనక్కరలేదు. మన పిల్లలకు మాత్రం చెప్పి తీరవలె. చేమగ్గం రోజులలో తెల్లవారుజామున వీధిలో పడుగు చాపేవారు. ఎండ ముదిరితే గంజి త్వరగా ఆరిపోయి నూలు పెళుసెక్కుతుంది. ఇంటి ఆడవారు బియ్యంతోనో జొన్నపిండితోనో గంజి కాచి, కొంచెం నూనె కలిపి ఇచ్చేవారు. దానిని పడుగుకు పట్టించి, ఇద్దరు మనుషులు కుంచెతో ఈ కొస నుంచి ఆ కొస వరకు దువ్వేవారు. ఇంటిల్లిపాదీ చేయి వేస్తే గాని ఆ పని తెమిలేది కాదు. మగ్గం మీద కూర్చున్నవాడు ఒక్కడే అయినా, బట్ట ఇంటివారందరి కష్టం.

పేకకు పెట్టక, పడుగుకే గంజి ఎందుకు? పేక నాడెలో కూర్చుని ఇటునుంచి అటు పోతుంది. దానికి శ్రమ తక్కువ. పడుగు పోగు అట్లా కాదు. ఎప్పుడూ బిగువున ఉండవలె; తొక్కుడు తొక్కినప్పుడల్లా పైకి క్రిందికి లాగబడవలె; అచ్చు పండ్ల మధ్య రాపిడి పడవలె. నూలు పోగు నుంచి పైకి లేచిన సన్నని నూగును గంజి అణచి, పోగుకు అంటించి, పైన ఒక పొర కడుతుంది. తక్కువైతే నూగు రేగి పోగు తెగుతుంది; ఎక్కువైతే కర్రలా బిగిసి విరుగుతుంది. నేత పూర్తి అయిన తరువాత ఉతుకులో ఆ గంజి పోతుంది. బట్టలో అది మిగలదు, కాని అది లేకపోతే బట్టే లేదు. పోషణ అనే మాటకు ఇంతకంటె మంచి వివరణ మాకు కనబడలేదు. నింపడం పోషణ కాదు. లాగుడును ఓర్చుకొనే శక్తి నివ్వడం పోషణ.

ఈ భేదాన్ని మరచినవారి కథ కూడ చరిత్రలో ఉన్నది. 1861–65 అమెరికా అంతర్యుద్ధం వలన ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు ప్రత్తి కరువైనది. అప్పుడు అక్కడివారు పడుగు గంజిలో చైనా మట్టి అనే తెల్లమట్టిని విరివిగా కలపడానికి అలవాటుపడినారు. బట్టకు బరువు వచ్చినది గాని బలం రాలేదు. ఒక్క ఉతుకుతో మట్టి పోయి, పలుచని బట్ట చేతిలో మిగిలేది. ఓడలలో వచ్చేటప్పుడే ఆ బట్టలకు బూజు పడుతున్నదని 1870 దశకంలో ఫిర్యాదులు వచ్చినవి. మన నేతగాండ్ర బట్టను అంగడి నుంచి తరిమిన సరుకులో ఇటువంటి సరుకు కూడ ఉన్నది.

అదే దశకంలో ధాత నామ సంవత్సరం వచ్చినది. ధాత అనగా ధరించి పోషించేవాడని అర్థం. 1876 ఉగాదికి ఆ పేరు పంచాంగంలో చదివినవారు ఆ ఏడే మహాక్షామం వస్తుందని ఊహించి ఉండరు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు, ఇటు సోలాపూరు ప్రాంతం, నిజాం రాజ్యం ఆ కరువులో మాడిపోయినవి. 1878 వరకు సాగిన ఈ క్షామంలో దేశంలో 50 లక్షలకు పైగా జనం చనిపోయినారని అంచనా. కరువు పనికి వచ్చిన మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించినాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఆ తిండితో కంకర కొట్టే మనిషి నిలువలేడని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించినాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం ఆ కొలతను పెంచక తప్పలేదు. ప్రాణం పోకుండ ఉంచడం వేరు, పనికి నిలిచే బలమివ్వడం వేరు అన్నదే ఆ వివాదమంతా. పడుగుకు గంజి పెట్టే ఏ ఇల్లాలినడిగినా ఈ మాట చెప్పి ఉండేది! 1952లో రాయలసీమ కరువు వచ్చినప్పుడు మళ్ళీ గంజి కేంద్రాలు తెరువవలసి వచ్చినది. గంజి అనగానే చేయి చాచడమే గుర్తుకు రావడం ఇట్లాంటి కరువుల వలననే.

మనవారు ఇల్లు విడిచి పడమటికి నడచిన చరిత్రకు కూడ ఆకలే మూలం. బొంబాయిలో కామాఠీపురా అనే పేరు తెలుగు కూలీలను బట్టి వచ్చినదే. సోలాపూరులో మొదటి బట్టల మిల్లు 1877లో, అనగా కరువు నడిమధ్యలో, స్థాపించబడినది. తరువాతి కాలంలో కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పద్మశాలీ కుటుంబాలు సోలాపూరుకు, బొంబాయికి, భివండీకి వచ్చి స్థిరపడినవి. ఠాణే నుంచి ఖాడీ వంతెన దాటగానే వచ్చే మన కాశేలి కూడ ఆ దారిలోనిదే.

ఇక్కడికి వచ్చిన తరువాత గంజి మాట రెండు ముక్కలైనది. మరమగ్గానికి వీధిలో పడుగు చాపనక్కరలేదు. నూలు సైజింగు కార్ఖానాకు పోయి, బాయిలరు ఆవిరితో ఉడికిన పిండిలో మునిగి, ఆరి, భీము మీద చుట్టుకొని షెడ్డుకు వస్తుంది. ఆ పిండి మొక్కజొన్నది కావచ్చు, చింతపిక్కలది కావచ్చు, రసాయనాలు కలిసినదీ కావచ్చు. పని అదే, పేరు మాత్రం సైజింగు. మన ఆడవారి చేతిలోని కుండ, కుంచె పోయినవి. వాటితోపాటు పడుగులో వారి వాటా కూడ కంటికి కనబడకుండ పోయినది. ఇంట కుక్కరు వచ్చిన తరువాత అన్నం వార్చడమూ తగ్గినది. నిజానికి అక్కడ గంజి పోలేదు, అన్నంలోనే ఇంకిపోతున్నది. పేరు మాత్రమే పోయినది.

మన ఇరుగుపొరుగువారి భాషలలో కూడ ఈ జంట అర్థం ఉండడం గమనింపదగినది. ఉత్తరాది నుంచి భివండీకి వచ్చిన మోమిన్ నేతవారికి అన్నపు గంజి 'మాండ్', నూలుకు పట్టించేది 'మాండీ'. కొంకణపు మరాఠీ ఇళ్ళలో ఉదయం తాగే బియ్యపు జావ 'పేజ్'. భాష ఏదైనా, చెమటోడ్చే ఇంట ఈ కుండ ఉన్నది. దానిని చెప్పుకోవడానికి వారికి లేని సిగ్గు మనకెందుకు?

కనుక మా మనవి ఒక్కటే. ఈ పండుగకు నాయనమ్మలు, తాతయ్యలు ఇంటి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని పడుగు, పేక, కండె, కుంచె, గంజి అనే మాటలను, వాటి పనిని వివరించి చెప్పవలె. చదువుకొన్న యువకులు వాటిని నోటుపుస్తకంలో వ్రాసిపెట్టవలె. నాయనమ్మ గంజిలో నూనె ఎంత కలిపేదో, ఎంత పలుచన చేసేదో కూడ వ్రాయవలె. ఆ లెక్క తెలిసినవారు మన పేటలలో ఏటేటా తగ్గిపోతున్నారు. కడుపుకు ఇంత, పడుగుకు ఇంత అని ఒకే పొయ్యి మీద కొలిచి పోసిన ఆ తల్లులకు నమస్కరిస్తూ, మన కుటుంబాలన్నింటికి నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుతున్నాము.