వేలిముద్రల ఇళ్లు - పిల్లల చదువులు

1970వ దశకంలో తాలూకా కచేరీ గుమాస్తాగా, విద్యార్థుల ఆదాయ ధ్రువపత్రాల దరఖాస్తులు ఎన్నో చూశాను. తండ్రి సంతకం చోట ఎక్కువగా వేలిముద్రలే. మన జీతాలూ అంతంతమాత్రమే. అయినా మన పిల్లలు గట్టెక్కారంటే ఇంట్లో పాఠం అడిగేవారుండబట్టే. కూలివాని బిడ్డకు అదీ లేదు, కోతల వేళ బడీ లేదు.

పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో, నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల వెలసింది. గ్రామీణ విద్యార్థులకు భోజనం, వసతి, రాత్రి చదువు బడిలోనే అమరాయి. ఇక 1990-91లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో తల్లులే పలక పట్టారు. పేదరికంతోబాటు ఇంటి నిరక్షరాస్యతనూ తొలగించాలని ఈ రెండూ చాటాయి.

మిత్రులారా, మన వీధిలో అటువంటి ఇంటి బిడ్డ ఉంటే, సాయంత్రం ఒక గంట దగ్గర కూర్చోబెట్టుకుందాం.