బేకర్స్‌ఫీల్డులో బంతి భోజనం

"ఇవాళ మిమ్మల్ని స్పానిష్ హోటలుకి తీసుకెళ్తున్నాను నాన్నా!" అన్నాను గొప్పగా. అది 2004 వేసవి. అమ్మా నాన్నా మొదటిసారి అమెరికా వచ్చారు. ఫ్రీమాంట్ నుంచి లాస్ ఏంజిలస్‌కి కారులో వెళ్తూ, దారిలో బేకర్స్‌ఫీల్డులో ఆగాం. ఆఫీసులో ఎవరో చెప్పిన నొరియేగా హోటలుకి పన్నెండింటికి ఐదు నిమిషాల ముందు చేరాం. అక్కడ మధ్యాహ్న భోజనం సరిగ్గా పన్నెండింటికి. ఆలస్యంగా వస్తే అంతే సంగతులు.

తలుపులు తీశారు. లోపల మెనూ కార్డు లేదు. విడివిడిగా బల్లలూ లేవు. పొడుగాటి బల్లల ముందు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడమే. పెద్ద పెద్ద గిన్నెల్లో సూపు, చిక్కుడు గింజలు, కారం సల్సా, సలాడు, రొట్టె వరసగా వచ్చేస్తున్నాయి. కావలసినంత వడ్డించుకుని పక్కవాళ్ళకి అందించాలి.

"ఇది బంతి భోజనంరా!" అన్నారు నాన్న. ఆయన మొహం వెలిగిపోయింది. నాన్న రాజమండ్రిలో వారాలు చేసుకుని చదువుకున్నారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. ఊరుకాని ఊళ్ళో వేళకి అన్నం పెట్టే చోటు విలువ ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. సూపులోనూ చిక్కుడు గింజల్లోనూ మాంసం ఉంటుందేమోనని వాటిని దాటేసి, రొట్టెలో సల్సా నంజుకుంటూ తృప్తిగా తిన్నారు.

ఎదురుగా ఎనభై ఏళ్ళ పెద్దాయన కూర్చున్నాడు. "మా నాన్నగారికి ఇదే మొదటి స్పానిష్ భోజనం" అన్నాను మాట కలుపుతూ. ఆయన చెంచా కింద పెట్టేశాడు. "మాది స్పెయినూ కాదు, ఫ్రాన్సూ కాదు. మేం బాస్కులం."

ఢిల్లీలో నన్ను 'మదరాసీ' అన్నప్పుడల్లా నా మొహం కూడా అలాగే మాడి ఉంటుంది.

బాస్కుల నేల పైరెనీస్ కొండలకి అటూ ఇటూ, స్పెయిను, ఫ్రాన్సుల మధ్య చీలిపోయి ఉంది. వాళ్ళ భాషకి ప్రపంచంలో బతికున్న మరే భాషతోనూ చుట్టరికం తేలలేదు. 1849 బంగారం వేటతో కాలిఫోర్నియా దారి పట్టినవాళ్ళలో బాస్కులూ ఉన్నారు. బంగారం కన్నా గొర్రెలే వాళ్ళకి ఎక్కువ అచ్చొచ్చాయి. బేకర్స్‌ఫీల్డుకి ఎక్కువగా ఫ్రాన్సు వైపు వాళ్ళు, ఐడహోలోని బాయిసీకి స్పెయిను వైపు బిస్కాయ వాళ్ళు చేరారు. కాపరికి నెలల తరబడి కొండల మీద గొర్రెలూ కుక్కా తప్ప తోడు లేదు. ఆ ఒంటరితనంలో చెట్ల బెరడు మీద చెక్కుకున్న పేర్లు, బొమ్మలు నెవాడా అడవుల్లో నేటికీ కనిపిస్తాయి.

అలాంటివాళ్ళ కోసమే ఫౌస్టినో నొరియేగా, ఫెర్నాండో ఎచెవెరీ 1893లో ఈ హోటలు పెట్టారు. ఇలాంటి బాస్కు హోటళ్ళు పశ్చిమ రాష్ట్రాల్లో ఊరూరా, ఎక్కువగా రైలు స్టేషన్ల దగ్గర, వెలిశాయి. రైలు దిగిన కుర్రాడికి ఇంగ్లీషు ముక్క రాకపోయినా, ఇక్కడికొస్తే మంచం, భోజనం, పని కబురు దొరికేవి. ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలూ ఇక్కడికే. జబ్బు చేస్తే డాక్టరు దగ్గరకి తోడూ వీళ్ళే. హోటల్లో పని చెయ్యడానికి స్వదేశం నుంచి వచ్చిన అమ్మాయిలతో ఎన్నో పెళ్ళిళ్ళు కుదిరాయి.

1924 వలస చట్టం స్పెయినుకి ఏడాదికి 131 మందినే కేటాయించింది. కాపరులకి కరువొచ్చింది. 1950లో నెవాడా సెనెటరు ప్యాట్ మెకారన్ గొర్రెల కాపరుల కోసమే ప్రత్యేక చట్టం తెచ్చాడు. తర్వాత కుర్రాళ్ళు మూడేళ్ళ కాంట్రాక్టుల మీద రావడం మొదలైంది. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. మన హెచ్-1బి లోని 'హెచ్' పుట్టింది 1952 నాటి చట్టంలో. ఆ చట్టానికి ఉన్న రెండు పేర్లలో ఒకటి ఈ మెకారన్‌దే! మనకీ మొదటి విడత మూడేళ్ళే కదా.

నేను 1997లో వచ్చినప్పుడు ఓ కన్సల్టింగ్ కంపెనీ గెస్ట్ హౌసులో దిగాను. రెండు బెడ్‌రూముల్లో ఎనిమిది మందిమి. కార్పెట్ మీద పాత పేపర్లు పరిచి, కుక్కర్ మధ్యలో పెట్టుకుని, చుట్టూ కూర్చుని తినేవాళ్ళం. ప్రాజెక్టు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ పప్పన్నం దగ్గర తెలుగు మాటలే లేకపోతే నేను రెండో నెలలోనే విమానం ఎక్కేసేవాణ్ణి.

పెద్దాయనా అలా కాంట్రాక్టు మీద వచ్చినవాడేనట. "ఈ బల్ల దగ్గర మీ భాష వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో అడుగు" అన్నారు నాన్న. ఆయన ఈ చివర నుంచి ఆ చివరకి చూసి ముగ్గురిని చూపించాడు. ముగ్గురూ ముసలివాళ్ళే. "మా మనవలకి ఈ తిండంటే ప్రాణం. కానీ వాళ్ళు ఎవుస్కల్దున్ కారు" అన్నాడు. బాస్కుని బాస్కు భాషలో అలా అంటారట. దాని అర్థం 'భాష కలవాడు' అని. పుట్టుకని బట్టి కాదు, మాటని బట్టి వచ్చిన పేరు.

అప్పుడే మా అమ్మాయి తాతయ్యని ఇంగ్లీషులో ఏదో అడిగింది. నేను తెలుగులో చెప్పాను. నాన్న నావైపు చూశారు. ఏమీ అనలేదు.

నొరియేగాకి 2011లో జేమ్స్ బేర్డ్ ఫౌండేషన్ అవార్డు వచ్చింది. 2020లో, కోవిడ్ రోజుల్లో, ఆ పాత భవనంలో భోజనాలు ఆగిపోయాయి. ఇప్పుడు పశ్చిమ కొండల్లో గొర్రెలు కాసేది ఎక్కువగా పెరూ వాళ్ళు. అయితే బాయిసీ బాస్కులు 1998లోనే పసిపిల్లలకి తమ భాషలో చిన్న బడి పెట్టుకున్నారు. మనబడి 2007లో మొదలయ్యేనాటికి మా అమ్మాయికి పదకొండేళ్ళు. శనివారాలు సాకర్ ఉందని నేనే పంపలేదు.

నాన్న పోయి ఆరేళ్ళయింది. మొన్న అమ్మాయి ఫోన్ చేసి గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలని ఇంగ్లీషులో అడిగింది. నేను తెలుగులో, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. "మళ్ళీ చెప్పు నాన్నా" అంది. ఆ ముక్క మాత్రం తెలుగులోనే అంది. మళ్ళీ చెప్పాను.